‘నెస్’ ఒక్కటే నిలబడదు

ఈ ఉదయం మా మనుమరాలు ఇంగ్లీషు పాఠం పైకి చదువుతోంది: “కైండ్ అనే మాట ఒంటరిగా నిలబడుతుంది. నెస్ నిలబడదు, దేనికైనా అతుక్కోవాలి.” నా చేతిలో టీ గ్లాసు అలాగే ఆగిపోయింది.

సూరత్ మగ్గాల చప్పుడులో పెరిగిన నా ఈడువాళ్లారా, కరెంటు పోగానే కమ్ముకునే ఆ నిశ్శబ్దం గుర్తుందా? అప్పుడు అక్క, నేను నూనె వాసన కొట్టే గుడ్డ తానుల మీద కూర్చుని ఈ ఆటే ఆడేవాళ్లం. అక్క మాట మొదలు చెప్పాలి, నేను తోక అతికించాలి. కైండ్, నెస్. టీచ్, అర్. ఒకసారి ‘కార్పెట్’ను విడదీయమంటే “కార్, పెట్” అన్నాను.

“ఏందే, గిట్ల నడుమల కోస్తే తాను ఖరాబైతది! అది ఒక్కటే మాట,” అని అక్క నెత్తిన మొట్టింది.

పక్షవాతం వచ్చినప్పటి నుంచి అక్కకు మాట లేదు. మధ్యాహ్నం డిండోలిలో ఉన్న అక్క ఇంటికి వెళ్లి ఆమె మంచం పక్కన కూర్చున్నాను.

“నెస్... జర మొదలు చెప్పక్కా.”

పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. ఆ మొదలు కూడా నేనే చెప్పేస్తే ఇక ఆట ఉండదు. అందుకే చెప్పలేదు. ఆమె చెయ్యి పట్టుకుని మళ్లీ “నెస్” అన్నాను.