యారాడలో ఇరవై నిమిషాలు

కేబుల్ ప్రసారాలు డిజిటల్‌లోకి మారిన మూడో ఏడు, ఆషాఢమాసం మొదటి వారంలో, నన్ను గాజువాక హెడ్‌ఎండ్‌కు డిప్యూటీ మేనేజరుగా వేశారు. హెడ్‌ఎండ్ అంటే ఏదో పెద్ద భవనం అనుకునేరు. మేడ మీద నాలుగు పెద్ద డిష్ గొడుగులు, కింద ఏసీ గదిలో వరసగా యంత్రాలు, అంతే. ఆకాశం నుంచి దిగిన ఛానళ్ళన్నిటినీ ఆ గదిలో ఒక్క తీగలోకి కలిపి, దొంగలు చూడకుండా తాళం వేసి, ఊరి మీదికి వదులుతాం. ఆ తాళం తీసి బొమ్మ చూపించేది మీ టీవీ పక్కనుండే సెట్‌టాప్ బాక్సు. అప్పటికి నాకు ఇంకా పది నెలల సర్వీసు మిగిలి ఉంది.

బాక్సు సంగతి కొంచెం చెప్పాలి. చాలామంది అది కొన్ననాడు ఎలా ఉందో చివరిదాకా అలాగే ఉంటుందనుకుంటారు. కాదు. లోపల చిన్న కంప్యూటరు ఉంటుంది, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. మనిషి ఇంటికి వెళ్ళనక్కర్లేకుండా, బొమ్మ వచ్చే తీగలోంచే కొత్త సాఫ్ట్‌వేర్ పంపి బాక్సు బుర్ర మార్చేయొచ్చు. దాన్ని ముక్కలు చేసి, తిరునాళ్ళలో రంగులరాట్నంలా తీగలో గుండ్రంగా తిప్పుతూ ఉంటాం. ప్రతి బాక్సూ తనకు దొరికిన ముక్క దగ్గర ఎక్కి, చుట్టు పూర్తయ్యేదాకా అన్నీ ఏరుకుని, పాతది చెరిపి కొత్తది రాసుకుంటుంది. మా పాత మోడల్‌కు ఇదంతా కావడానికి ఇరవై నిమిషాలు. ఆ రాసుకోవడం సగంలో ఉండగా కరెంటు పోయిందా, ఆ బాక్సు ఇక లేవదు.

ఇంకో సంగతి. మాది ఒకవైపు దారి. మేం పంపడమే గానీ, బాక్సు నుంచి మాకు ఒక్క అక్షరం తిరిగి రాదు. ఎక్కిందో లేదో తెలియాలంటే ఆ ఇంటికి వెళ్ళి, మెనూలో వెర్షన్ నంబరు కళ్ళతో చూడాలి.

నేను చేరిన నెలలోనే హైదరాబాదు హెడ్డాఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. రాబోయే ఒకటో తేదీ నుంచి తాళం మారుతోంది. పాత మోడల్ బాక్సులకు ఈలోగా కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కకపోతే ఆ ఉదయం నుంచి వాటిలో బొమ్మ రాదు. మా పరిధిలో పాత మోడల్ మిగిలింది రెండు చోట్లే: స్టీల్‌ప్లాంటు క్వార్టర్లు, కొండ అవతల యారాడ. జనం నిద్రపోయే వేళ, రెండు నుంచి నాలుగు గంటల మధ్య, మూడు రాత్రులు పంపమన్నారు. యంత్రానికి టైము పెట్టేసి ఇంటికి పోయి హాయిగా పడుకున్నాను.

మేమున్నది క్వార్టర్లలోనే. మాది కృష్ణా జిల్లా, మా ఆయన స్టీల్‌ప్లాంటు ఉద్యోగానికి వస్తే ఇక్కడే పాతుకుపోయాం. నాలుగో రోజు పొద్దున్న మా ఇంట్లో బాక్సు చూశాను, కొత్త వెర్షన్ వచ్చింది. పక్కింట్లో చూశాను, వచ్చింది. ఆఫీసుకు వెళ్ళి ‘డౌన్‌లోడ్ సంపూర్ణం’ అని రిపోర్టు రాసి, సంతకం గీకి హెడ్డాఫీసుకు పంపేశాను. నేనంత తెలివైనదాన్నన్నమాట!

ఒకటో తేదీ ఇంకా ఆరు రోజులుందనగా నూకరాజు వచ్చాడు. యారాడకు కేబుల్ ఇచ్చే ఆపరేటరు అతనే. మూడొందల చిల్లర ఇళ్ళు, అదే అతని బతుకు. ఆ కొండ మీదుగా తీగ లాగింది అతనే, గాలివానకు తెగితే ఎక్కి అతికేదీ అతనే. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“మేడమ్, మా ఊళ్ళో ఒక్క డబ్బాకీ కొత్తది రానేదు” అన్నాడు.

రాకపోవడం ఏమిటి, మూడు రాత్రులు పంపాం కదా అని కాస్త గట్టిగానే అన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆఫీసులో పేరు.

“మీరు పంపినారు, కాదనను. రాత్రేల మావోళ్ళు పలగ్గులు పీకేత్తారు. నానే పీకీమన్నాను.”

అప్పుడు చెప్పాడు. యారాడ ఇళ్ళకు సముద్రం మరీ దగ్గర. ఉప్పుగాలికి ప్లగ్గు పిన్నులు పచ్చగా చిలుం పట్టి, రాత్రిపూట చిటపటమని నిప్పురవ్వలు లేచేవి. ఒకటి రెండు బాక్సులు కాలిపోయాక, పడుకునే ముందు ప్లగ్గు పీకి గోడ మేకుకు తగిలించమని నూకరాజే ఇల్లిల్లూ తిరిగి నేర్పాడు. ఊరంతా బుద్ధిగా నేర్చుకుంది. క్వార్టర్లలో ఏ షిఫ్టు మనిషి ఎప్పుడు ఇంటికొస్తాడో తెలియదు కనక బాక్సుకు విశ్రాంతే ఉండదు. నేను చూసింది ఆ బాక్సుల్ని.

“డిష్షు కంపెనీ ఓడు అప్పుడే రెండుసార్లు ఊళ్ళోకొచ్చి ఎల్లినాడు. ఒకటో తారీకున బొమ్మ పోనాదంటే నా లైను పోనట్టే మేడమ్” అన్నాడు నూకరాజు. ఆ బాక్సులన్నీ ఊడదీసి ఆటోనగర్ వర్క్‌షాపుకు మోసుకెళ్తే వాళ్ళు ఎక్కించగలరు, కానీ రోజుకు ఇరవైకి మించి చేయలేరు. అన్నాళ్ళు టీవీ లేకుండా ఎవరు కూర్చుంటారు? ఇరవై ఏళ్ళుగా ఆ మనిషి కట్టుకున్నది నా ఒక్క సంతకంతో పోయేలా ఉంది. నాకు సిగ్గేసింది.

మళ్ళీ పంపాలంటే హెడ్డాఫీసు అనుమతి కావాలి. అనుమతి అడగాలంటే, నేను సంతకం పెట్టిన రిపోర్టు తప్పని ముందు రాయాలి. రాశాను. మా జనరల్ మేనేజరు గారు ఫోన్ చేసి, రిటైరయ్యే ముందు ఇవన్నీ ఎందుకమ్మా మీకు అన్నారు. యారాడ బాక్సుల్లోని కార్డు నంబర్లకు మాత్రమే, ఒక్క గంట, పగటిపూట అయితే పూచీ నాది అని నాతో రాయించుకుని ఒప్పుకున్నారు.

పగలు ఎప్పుడు? జనం టీవీ తక్కువ చూసే వేళ పంపడం మా నియమం. పొద్దున్న పదింటికి పెడదామన్నాను. నూకరాజు తల అడ్డంగా ఊపాడు. ఆ వేళకు ఆడవాళ్ళు చేపల గంపలతో సిటీలో ఉంటారు, ఇళ్ళకు తాళాలు, ప్లగ్గులు మేకులకు.

“మద్దినేల రెండింటికి ఎయ్యండి. సీరియలొచ్చే టయము. ఊరంతా డబ్బాల ముందే ఉంటాది” అన్నాడు.

సీరియల్ మధ్యలో బొమ్మ ఆపితే ఊరు ఊరుకుంటుందా? నా భయం తిట్ల గురించి కాదు. తెర నల్లబడగానే ఎవరైనా చేసే పని ఒకటుంది, స్విచ్చి ఆపి మళ్ళీ వేయడం. అది నేర్పింది మేమే. ఏ ఫిర్యాదు వచ్చినా మా ఫోన్ అమ్మాయిలు చెప్పే మొదటి మాట, ‘ఒకసారి ఆపి వేయండి సార్’. ఇన్నేళ్ళు మేం నేర్పిన ఆ విద్య ఈ ఇరవై నిమిషాల్లో ఎవరు ప్రదర్శించినా బాక్సు గోవిందా!

ఇరవై నిమిషాలు ఆపవద్దని కరపత్రం అచ్చు వేయిస్తానన్నాను. నూకరాజు మొహమాటంగా నవ్వి, అప్పలనరసమ్మను కలవమన్నాడు. డెబ్బై దాటిన మనిషి, ఇప్పటికీ గంప ఎత్తుతుంది, ఊళ్ళో ఆమె మాట చెల్లుతుంది. మర్నాడు కొండ దాటి వెళ్ళి విషయమంతా చెప్పాను. వింటూ చేపలు తోముతూనే ఉంది.

“ఇరవై నిమిసాలు సుచ్చి ముట్టకూడదు. అంతే గదేటి?” అంది. అంతే అన్నాను. “అయితే కాయితాలెందుకు? ఇంటికో ముసిలిదాన్ని సుచ్చి కాడ కూకోబెడతాను. ఎవుడు సెయ్యెడతాడో సూత్తాను.”

కరెంటు సంగతి నూకరాజు చూసుకున్నాడు. లైన్‌మాన్ అతనికి వరసకు బావ. “బావా, ఆ గంట మాత్తరం లైను మీద సెయ్యెయ్యకురా” అని నా ఎదురుగానే ఫోన్‌లో బతిమాలాడు. అవతలి నుంచి వచ్చిన జవాబు ఇక్కడ రాయలేను గానీ, ఒప్పుకున్నాడు.

ఒకటో తేదీకి మూడు రోజుల ముందు, మధ్యాహ్నం రెండింటికి, నేను అప్పలనరసమ్మ ఇంట్లో చాప మీద ఉన్నాను. ఈసారి కళ్ళతో చూడకుండా రాసేది లేదని ఒట్టు పెట్టుకున్నాను. హెడ్‌ఎండ్‌లో నా అసిస్టెంటు శేషగిరి చేయి మీట మీద ఉంది. అప్పలనరసమ్మ స్విచ్చిబోర్డు కింద పీట వేసుకుని, కాళ్ళు చాపుకుని, ఒళ్ళో ఎండుచేపల పొడి డబ్బా పెట్టుకుని కూర్చుంది. గదిలో ఇంకో ఆరుగురు ఆడవాళ్ళు. సీరియల్లో కోడలు ఏదో ఉత్తరం విప్పబోతోంది. నేను ఫోన్‌లో వదలమన్నాను.

తెర నల్లబడింది. వీధి పొడుగునా ‘ఓలమ్మో’ అని ఒక్కటే కేక. బాక్సు మీద ఎర్రదీపం మిణుకు మిణుకుమనడం మొదలైంది. సాఫ్ట్‌వేర్ ఎక్కుతోందని అర్థం.

మొదటి పది నిమిషాలు సరదాగానే గడిచాయి. ఉత్తరంలో ఏముందో ఆడవాళ్ళే తలొక రకంగా తేల్చారు. సీరియల్ రచయితలకన్నా వాళ్ళ కథలే బాగున్నాయి. పక్కింట్లో ఎవరో పెద్దాయన ఫోన్ ఛార్జింగు పెట్టుకుంటానని వచ్చి, కాపలా ముసలమ్మ చేత చీవాట్లు తిని వెనక్కి పోయాడు. నూకరాజు మాత్రం వీధి ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూనే ఉన్నాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది.

“అందులోకి ఏటెక్కుతంది తల్లీ?” అని అడిగింది అప్పలనరసమ్మ. కొత్త తెలివి అని చెప్పాను. “మా మనవడిక్కూడా ఎక్కించు” అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

ఇరవై నిమిషాలయింది. దీపం మిణుకుతూనే ఉంది. ఇరవై ఒకటి. ఇరవై రెండో నిమిషంలో దీపం ఠక్కున ఆరిపోయింది. ఎర్రా లేదు, పచ్చా లేదు, తెర మీద ఏమీ లేదు. ఊళ్ళో బాక్సులన్నీ పోయాయనుకున్నాను. నూకరాజు మొహం ఎలా చూడాలి? ఎప్పుడు లేచానో తెలియదు, నా చేయి స్విచ్చి మీదికి వెళ్ళింది. ఆపి వేద్దామని!

ఛెళ్ళున ఒక దెబ్బ పడింది చేతి మీద.

“ఏటి తల్లీ! ముట్టొద్దని నువ్వే సెప్పి నువ్వే ఆపేత్తన్నావేటి?”

చేయి చుర్రుమంది, చేపలపొడి వాసన కూడా అంటుకుంది. నిలబడిపోయాను. అప్పుడు జ్ఞాపకం వచ్చింది. రాసుకోవడం పూర్తయ్యాక బాక్సు తనంతట తనే ఆరి, తిరిగి లేస్తుంది. లేచే ముందు ఒక నిమిషం దీపం ఉండదు. మాన్యువల్లో ఉన్న మాటే. నేను ఎంతోమంది టెక్నీషియన్లకు పాఠం చెప్పిన మాట. ఆ నిమిషంలో కరెంటు తీసినా ప్రమాదమే.

పచ్చదీపం వెలిగింది. బొమ్మ వచ్చింది. కోడలు అప్పటికే ఉత్తరం చదివేసి ఏడుస్తోంది. “సూడు, అయిపోనాదంతా” అని నన్నే తిట్టారు ఆడవాళ్ళు. మెనూ తెరిచి వెర్షన్ నంబరు చూశాను, కొత్తదే. వీధిలో నూకరాజు ఇంటింటి గుమ్మం దగ్గరా ఆగి, “వచ్చినాదా, వచ్చినాదా?” అని అడుగుతూ వస్తున్నాడు. దాదాపు ప్రతి గుమ్మం నుంచీ వచ్చినాదనే జవాబు. నా దగ్గరికి వచ్చేసరికి రెండు చేతులూ జోడించాడు. చేతులు దించమని కసిరాను. తప్పు నాది, దండం నాకా?

సాయంత్రం దాకా ఇద్దరం ఇల్లిల్లూ తిరిగాం. తాళం వేసి ఉన్నవి పదకొండు ఇళ్ళు, వాళ్ళ బాక్సులు నూకరాజు మర్నాడు ఆటోనగర్ తీసుకెళ్ళాడు. పోయినది ఒకటే. ఆ ఇంట్లో కాపలా ముసలమ్మకు కునుకు పడితే ఎవరో స్విచ్చి ఆపి వేశారు. ఒకటో తేదీ ఉదయం డిష్ కంపెనీ మనిషి యారాడ వచ్చి, ఊరంతా టీవీలు మోగుతుంటే టీ తాగి వెళ్ళిపోయాడట. ఆ కబురు నూకరాజు ఫోన్ చేసి, నవ్వు ఆపుకోలేక రెండుసార్లు చెప్పాడు.

తప్పు రిపోర్టు ఇచ్చినందుకు హెడ్డాఫీసు నాకు మెమో ఇచ్చింది. అది న్యాయమే. కొత్త రిపోర్టులో ‘ధ్రువీకరించినవారు’ అన్న గడిలో, నా పేరుకు పైన, అప్పలనరసమ్మ, యారాడ అని రాశాను. ఆవిడ హోదా ఏమిటని హెడ్డాఫీసు అడిగింది. చేపల అమ్మకం అని జవాబిచ్చాను. మళ్ళీ ఎవరూ అడగలేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. మేం పంపిన వేళ యంత్రం చెబుతుంది, అందిన వేళ మనుషులే చెప్పాలి. సర్వీసంతా నేను మొదటిది చూసి రెండోదానికి సంతకం పెట్టాను. ఒకసారి దొరికిపోయాను గనక తెలిసింది, దొరకనివి ఎన్నున్నాయో నాకు తెలియదు.