తవుడు పెట్టి కొన్న పేరు

శ్రీకాకుళంలో చేపలమ్మే తవిటమ్మకు తన పేరంటే కోపమూ ఉంది, భయమూ ఉంది. ఆమెకు ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారు. అందుకని తల్లి ఆమెను చేటలో పడుకోబెట్టి పక్కింటావిడకు ఇచ్చేసి, గుప్పెడు తవుడు పెట్టి తిరిగి కొనుక్కుంది. అలా కొన్న బిడ్డ జోలికి చావు రాదని వాళ్ల పేటలో నమ్మకం. పేరు కూడా తవుడుదే పెట్టారు. బజార్లో ఆ పేరు పట్టుకుని ఎగతాళి చేసినవాడికి తవిటమ్మ చేపల కత్తి పైకెత్తే జవాబు చెప్పేది.

2012 వానాకాలంలో కోడలు తులసికి మూడో కాన్పు వచ్చింది. మొదటి ఇద్దరూ దక్కలేదు. పేటలోని సబ్ సెంటరులో, పట్టపగలు, ఈ పిల్ల కూడా ఏడవకుండా నీలంగా పుట్టింది. తవిటమ్మ గంగమ్మకు మొక్కుకుంది. నర్సు రఫేలమ్మ మాత్రం ఎవరి మొహమూ చూడలేదు. పిల్ల నోట్లో ఉమ్మనీరు తీసేసి, మూతికి రబ్బరు సంచీ ఆనించి గాలి కొడుతూనే ఉంది. ఇక లాభం లేదని అందరూ అనుకున్నాక పిల్ల కేరుమంది. తవిటమ్మ పిల్లకంటే గట్టిగా ఏడ్చింది.

పేరు పెట్టే రోజు దగ్గరపడేసరికి ఇంట్లో గొడవ మొదలైంది.

"నా పిల్లకి తవుడు పేరు ఒప్పుకోనత్తా. నిన్ను సూసి ఎంతమంది నవ్వినారో నీకు తెల్దేటి?" అంది తులసి.

"నవ్వితే నవ్వనీయే! పిల్ల ఉండొద్దేటే?" అంది తవిటమ్మ.

అన్నదే గానీ ఆ మాట ఆమెకే గుచ్చుకుంది. మర్నాడు చేటలో పిల్లను పెట్టుకుని, కొంగున తవుడు కట్టుకుని సబ్ సెంటరుకు వెళ్లింది.

"నర్సమ్మా, దీన్ని నీకిచ్చేస్తన్నాను. తవుడు పెట్టి మల్లీ నీకాడే కొనుక్కుంటాను."

రఫేలమ్మ నవ్వింది. "నేను చర్చికి పోయేదాన్ని కదమ్మా."

"అయితే ఏటి? దాన్ని బతికించిన సేతులు నీవే కదా! పట్టు."

నర్సు పిల్లను అందుకుంది. తవుడు కూడా కాదనలేదు.

"నీ పేరుకి అర్దమేటమ్మా?" అని అడిగింది తవిటమ్మ.

"రఫాయేలని ఒక దేవదూత. జబ్బులు నయం చేస్తాడు. మా నాన్న ఆయన పేరు పెట్టాడు."

"మీకు దేవదూతలు ఆయనొక్కడేనేటి?"

"లెక్కలేనంతమంది. కానీ జనం పిల్లలకు పెట్టుకునేవి రెండు మూడు పేర్లే. గబ్రియేలు మంచి కబురు తెచ్చాడు. మిఖాయేలు యుద్ధం చేశాడు. ఈయన నయం చేశాడు. ఏం మేలు చేశారో తెలిసినవాళ్ల పేర్లే నిలిచాయమ్మా."

తవిటమ్మ పిల్లను తిరిగి అందుకుని చేటలో పడుకోబెట్టింది. ఖాళీ అయిన కొంగు దులుపుకుని లేచింది.

"దీన్ని బతికించినాది తవుడు కాదు, నువ్వు. పేరు నీదే పెడతాను."

వినగానే తవిటమ్మ బావగారు సూరయ్య ఇంటి మీదికొచ్చాడు. "పరాయి దేవుడి పేరేటే? గంగమ్మకి కోపం రాదేటి?"

"గంగమ్మ తల్లే కదా బావా! బిడ్డ బతికినాదంటే తల్లికి కోపమొస్తాదేటి?"

సూరయ్య గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. మూడు నెలలు తిరక్కుండా ఆయన కూతురికి కాన్పు కష్టమైంది. మళ్లీ ఆ రఫేలమ్మే గట్టెక్కించింది. ఈసారి చేట పట్టుకుని సబ్ సెంటరు గుమ్మంలో నిలబడినవాడు సూరయ్యే. ఆ తర్వాత పేటలో ఎవరూ ఎవరినీ అడగలేదు. ఆడపిల్లయితే రఫేలమ్మ, మగపిల్లాడయితే రఫేలు.

2018 జూన్‌లో పిల్లలు ఒకటో తరగతిలో చేరారు. మొదటి రోజు మనవరాలిని దిగబెట్టి తవిటమ్మ గుమ్మంలోనే నిలబడింది. కొత్తగా వచ్చిన మాస్టారు హాజరు పట్టీ తీసి "రఫేలమ్మ!" అని పిలిచాడు. ముగ్గురు ఆడపిల్లలు ఒక్కసారే లేచారు. వెనక వరసలోంచి ఒక రఫేలు కూడా లేచాడు. మాస్టారు తెల్లబోయాడు.

"ఇందులో మీ పిల్ల ఎవరమ్మా?"

తవిటమ్మ నెత్తి మీద గంప సర్దుకుని వీధంతా వినపడేలా చెప్పింది.

"మొదటిది మాదే బాబూ! మిగతావోళ్లంతా దాని ఎనకాల వొచ్చినోళ్లే!"