శనివారం సగం కథ

నిన్న సాయంత్రం ఆదోని బస్టాండులో ఒక బస్సు పైనుంచి మూటలు దించుతున్నారు. గుంటూరు వైపు మిరప కోతకు పోయి తిరిగొచ్చిన కుటుంబాలవి: చుట్టిన పరుపులు, మసిబారిన గిన్నెలు, ప్లాస్టిక్ బిందెలు, కాళ్లు కట్టిన రెండు కోళ్లు, ఇంటి వాడకానికి తెచ్చుకున్న ఎండుమిరపకాయల సంచులు. ఆ ఘాటు గొంతుకు తగిలిందో లేదో, ఎమ్మిగనూరులో మా ఆరో తరగతి గది కళ్ల ముందుకొచ్చింది. కూర్చోలేక, నిలబడలేక, ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తుండగానే నేను ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోయింది.

మాది మగ్గాల వీధి. పొద్దున్నే నూలుకు పట్టించే గంజి వాసన, పక్కింటి మగ్గం చప్పుడు, వీధి మొగలో బాండలి దగ్గర బొరుగుల ఉగ్గాని మీద చల్లే పప్పులపొడి వాసన, ఇవన్నీ ఒకేసారి మీద పడేవి. అమ్మకు పన్నెండు కండెలు నూలు చుట్టి ఇచ్చాకే బడి. దసరా సెలవులు అయిపోయి, వేరుశనగ పీకడం ముగిసి, చలి మొదలయ్యే రోజుల్లో తరగతిలో బెంచీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యేవి. పనుల్లేని పల్లెల జనం మూడు నాలుగు నెలలు పత్తి తీయడానికో, మిరపకాయలు కోయడానికో దూరపు జిల్లాలకు పిల్లాజెల్లాతో వెళ్లిపోయేవారు. దాన్ని మా వైపు సుగ్గికి పోవడం అంటారు.

మా తెలుగు టీచరమ్మ శనివారం చివరి పీరియడులో పాఠ్యపుస్తకాలు మూయించి, సంచిలోంచి ఒక కథల పుస్తకం తీసేవారు. కథ మంచి పట్టులో ఉండగా టక్కున ఆపేసేవారు. మిగతా సగం ఎవరికి వాళ్లు రాసుకొచ్చి, సోమవారం లేచి నిలబడి చదవాలి. తరగతి నవ్వితేనో, ఉలిక్కిపడితేనో ఆ కాగితం గోడకెక్కేది. గబగబా చదివేవాళ్ల పక్కన తడబడేవాళ్లను జతగా కూర్చోబెట్టేవారు. గైడులోని జవాబులు కామాలతో సహా అప్పజెప్పేవాణ్ణి కనుక నా పేరు 'గైడు'. నా కాగితం ఒక్కసారి కూడా గోడకెక్కలేదు.

నా జత సువార్త. గోనెగండ్ల దగ్గరి పల్లె నుంచి వచ్చి, ఎమ్మిగనూరులో అవ్వ ఇంట్లో ఉండి చదువుకునేది. ఆ శనివారం టీచరమ్మ, ఒక ముసలమ్మ మేకను సంతకు తోలుకుపోతే అది తాడు తెంపుకుని జనంలో మాయమైందని చదివి పుస్తకం మూశారు. అప్పటికే సువార్త నాన్న ఏసేపు వాకిట్లో నిలబడి ఉన్నాడు. సుగ్గికి పోతే చేలో చంటివాణ్ణి చూసుకోవడానికి కూతురు కావాలి.

"సోమవారం ఒక్క పొద్దు ఆగు ఏసేపన్నా," అన్నారు టీచరమ్మ. "పాప తను రాసింది నీ ఎదురుగా చదువుతుంది. చదివితే ఈడనే ఉంచి పో."

"సదివితే ఇడిసిపెట్టి పోతా. మా ఇంటామెకి నేను సర్ది సెప్పుకుంటా. సదవకుంటే మాత్రం పన్నెండు గంటల లారీకి ఎక్కిస్తా. మల్ల నన్నేమీ అనకూడదు టీచరమ్మా."

ఆదివారం వాళ్ల అవ్వ ఇంటి అరుగు మీద, రోజూ తరగతిలో పాఠాలు రాసిపెట్టడానికి లాక్కున్నట్లే, నేను సువార్త నోటుబుక్కు లాక్కున్నాను.

"నేనే రాస్తాలేప్పా, నిదానంగా," అంది సువార్త.

"నిదానంగా రాస్తే ఎప్పుడైతాది మే? మీ నాయన ఒప్పుకోవల్లనా వద్దా? మేక ఏమైందో సెప్పు, నేను రాస్తా."

"మేక యాడికీ పోదప్పా. పొద్దు వంగితే పిల్లకి పాలియ్యల్ల గదా, అదే ఇంటికి వచ్చేసింటాది. అవ్వ సంతంతా తిరిగి ఏడ్సుకుంటా ఇల్లు సేరితే, అది గడప కాడ పండుకోని నెమరేస్తాంటాది. 'ఇంతసేపు యాడికి పోతివే ముసలీ' అన్నట్లు సూస్తాది."

నేను రాసింది ఇది: 'అంతట ఆ వృద్ధురాలు మిక్కిలి దుఃఖించి, పరోపకారపరాయణులైన గ్రామస్థుల సహాయమున మేకను కనుగొనెను. నీతి: ఒకటి, పశువులను గట్టిగా కట్టవలెను. రెండు, ధైర్యము వీడరాదు. మూడు, ఇతరులకు సాయపడవలెను.' కింద స్కేలుతో రెండు గీతలు కూడా గీశాను.

"ఇదేందప్పా, మేక ఇంటికొచ్చినట్లు లేదే?"

"అదంతా పల్లె మాట. ఇట్లుంటేనే మార్కులేస్తారు."

"మార్కులేసేది మా నాయన కాదు గదా!"

అప్పుడైనా ఆ పేజీ చించేయాల్సింది. రాత్రికి నాలుగుసార్లు చదివితే వచ్చేస్తుందని చెప్పి ఇంటికి వచ్చేశాను.

సోమవారం ఏసేపు తువ్వాలు భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. సువార్త లేచింది. 'అంతట ఆ' అంది. 'వృద్ధు' అంది. 'పరో' దగ్గర ఆగిపోయి, మళ్లీ మొదటికొచ్చి, మళ్లీ అక్కడే ఆగిపోయింది. వెనక బెంచీ నుంచి ఎవడో, "గైడు కథ రా ఇది!" అన్నాడు. టీచరమ్మ నోటుబుక్కు తీసుకుని చూసి, తలెత్తి నన్ను చూశారు.

"ఇది రాసిందెవరు?"

నేను బెంచీ మీద చెక్కిన పేర్లు లెక్కపెట్టాను. ఏడు. సువార్త కూడా నా పేరు చెప్పలేదు.

"సరే, నోటితో చెప్పు పాపా. మేక ఏమైంది?"

సువార్త చెప్పింది. అరుగు మీద చెప్పినదానికన్నా బాగా, మేక చూపు కూడా చూసి మరీ చెప్పింది. తరగతి మొత్తం నవ్వింది. ఏసేపూ నవ్వాడు. నవ్వి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"నోటితో సెప్పేదానికి బడి యాల టీచరమ్మా? అది నాకూ వస్తాది. రాసింది సదవల్ల గదా. రామ్మే, లారీ వస్తాది."

ఇంకొక్క వారం ఆగమని టీచరమ్మ గేటు దాకా వెంట నడిచారు. నేను లేచి, అది నా రాత అని ఒక్క మాట అని ఉంటే ఆయన ఆగేవాడేమో. లేవలేదు. ఉగాదికి ముందు వాళ్లు తిరిగొచ్చారని విన్నాను. సువార్త మాత్రం బడికి రాలేదు.

ఇప్పుడు ఆ తరగతి గదిలో గోడకు పెద్ద స్క్రీను ఉంది. కథ పూర్తిగా అందులోనే నడుస్తుంది, పిల్లలు సరైన జవాబుకు టిక్కు పెడతారు. టీచరమ్మ రిటైరై ఊరు విడిచి వెళ్లారు. మా వీధిలో మగ్గాలు సగానికి పైగా తీసేశారు. నేను ఆదోనిలో ఒక పత్తి మిల్లులో యంత్రాలు చూస్తాను. వాటిని ఎలా నడపాలో పనివాళ్ల కోసం కాగితాల మీద రాసి గోడకు అంటించడం కూడా నా పనే. అక్కడ అందరూ నా రాత చాలా బాగుంటుందంటారు. ఆ తరగతిలో ముప్పై ఎనిమిది మంది. చాలామంది అక్షరాలు ఇప్పటికీ గుర్తు పట్టగలను, ఎవరిది కుడికి వాలేది, ఎవరు సున్నా చుట్టకుండా వదిలేసేవారు అన్నీ చెప్పగలను. ఆరు నెలలు నా పక్కనే కూర్చున్న సువార్త చేతిరాత ఎలా ఉండేదో మాత్రం నాకు తెలియదు.