కాలు కింద పెట్టకుండా

మా ఆంటీ పోయింది. డేకేర్‌కి పనికి రాలేదని వాళ్ళు ఫోన్ మీద ఫోన్ చేసి, ఎత్తకపోతే పోలీసుల్ని పంపారు. వంటింట్లో కాఫీ గిన్నె పక్కన పడి ఉందట, గుండె ఆగిపోయి. అవసరమైతే పిలవమని నా నంబరే ఇచ్చి పెట్టుకుంది కాబట్టి ముందు నాకే చెప్పారు. ఆఫీసు పార్కింగ్ లాట్‌లో స్టీరింగ్ మీద తల పెట్టుకుని కాసేపు ఏడ్చి, ఇక్కడ అమెరికాలో మా క్యారీ ఊరి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక్క లైను రాశాను.

సాయంత్రానికి దణ్ణాల బొమ్మలు వరస కట్టాయి. వాటి మధ్యలో ఒకావిడ రాసింది: "అదృష్టవంతురాలు. అంకుల్ ఆవిణ్ణి కాలు కింద పెట్టనివ్వకుండా చూసుకున్నారు." దానికి బోలెడు లైకులు. ఫోన్ గోడకేసి కొట్టబోయి ఆగాను. ఫోన్ పగిలితే ఆ మాట చెరిగిపోదు కదా. అందుకని ఇది రాస్తున్నాను.

ఆవిడ నాకు చుట్టం కాదు. మా టౌన్‌హౌస్‌కీ వాళ్ళ టౌన్‌హౌస్‌కీ మధ్య ఒకటే గోడ, అట్టముక్క లాంటిది. వాళ్ళాయన ఊళ్ళో పెద్దమనిషి. ఏ పండక్కైనా మైకు ఆయన చేతిలోనే ఉండేది. భోజనాల దగ్గర ఆవిడ ప్లేటు ఆయనే పట్టుకొచ్చేవాడు, కారు తలుపు ఆయనే తీసేవాడు. ఆవిడకి డ్రైవింగ్ రాదు. నేర్చుకోనివ్వలేదు. గుడికీ, షాపుకీ, డాక్టర్ దగ్గరికీ ఎక్కడికైనా ఆయనే తీసుకెళ్ళి, పక్కనే నిలబడి, ఆయనే తీసుకొచ్చేవాడు. దాన్నే మనవాళ్ళు కాలు కింద పెట్టనివ్వకపోవడం అన్నారు. కొంతమంది ఆడవాళ్ళు కాస్త కుళ్ళుకునేవాళ్ళు కూడా.

చేతికి కట్టుతో కనిపిస్తే "మెట్ల మీద జారానమ్మాయ్" అనేది. కన్ను కమిలితే మెట్లు. భుజం దిగిపోతే మెట్లు. మా ఇంటి మెట్లూ అదే కొలత, అదే కార్పెట్. మా ఇంట్లో ఎవరూ అన్నిసార్లు జారలేదు.

ఒక శనివారం మధ్యాహ్నం చపాతీలు ఒత్తుతున్నాను. గోడ అవతల ఏదో బరువైనది పైనుంచి కిందదాకా దొర్లింది. ఆ తర్వాత ఒక అరుపు, ఆ అరుపుని ఎవరో చేత్తో మూసేసినట్టు ఆగిపోవడం. అప్పడాల కర్ర చేతిలో ఉండగానే వెళ్ళి తలుపు తన్నాను. ఆయన తీసి, "ఏమ్మా, ఏం కావాలి?" అన్నాడు, నవ్వుతూ. ఆయన వెనకాల, మెట్ల కింద ఆంటీ. కుడికాలు తొడ దగ్గర్నుంచీ మనిషి కాలు తిరగని వైపు తిరిగి ఉంది. నోట్లోంచి రక్తం గడ్డం మీదకి కారుతోంది.

"మేం చూసుకుంటాంలే, నువ్వెళ్ళు."

కర్ర ఆయన ముక్కుకి జానెడు దూరంలో పట్టుకుని, రెండో చేత్తో 911 కొట్టాను. తలుపుకి అడ్డు తప్పుకున్నాడు. తప్పుకోకపోతే కొట్టేదాన్నే, అందులో నాకేం సందేహం లేదు.

తుంటిలో రాడ్ వేశారు. వెన్ను అడుగు ఎముక బీటలు వారింది. ఆస్పత్రి నుంచి మా ఇంటికొచ్చింది. నడవడం వచ్చాక డేకేర్‌లో పని, దాని దగ్గర్లోనే ఒక చిన్న అపార్ట్‌మెంట్. విడిగా ఉంటోందని అందరికీ తెలుసు. "పెద్దతనంలో ఏదో అలక" అని సరిపెట్టుకున్నారు.

ఓ రోజు పెసరట్టు వేస్తూ చెప్పింది, బండి కొంటానని. వెనక రెండు చక్రాలు, ముందొకటి ఉండే మోటార్‌సైకిల్.

"కారు నేర్చుకోండి ఆంటీ. ఆ నడుంతో బండేంటి?" అన్నాను.

"కారులో నాకు పక్క సీటొకటే తెలుసు. హైవే ఎక్కగానే తలుపులు టక్కున లాక్ పడతాయి చూడు, ఆ చప్పుడయ్యాక ఆయన ఎడంచేత్తో స్టీరింగ్ పట్టుకుని, కుడిచేత్తో కొట్టేవాడు. ఎగ్జిట్ వచ్చేదాకా." అట్టు తిరగేసింది. "దీనికి తలుపుల్లేవమ్మాయ్."

పెళ్ళికి ముందు తెనాల్లో వాళ్ళ నాన్న మోపెడ్ నడిపేదట. రెండు చక్రాలది ఇప్పుడు తుంటి నిలబెట్టలేదు. మూడైతే పడదు. ఎవరో పెద్దాయన వాడి వదిలేసిన మెరూన్ రంగు బండి దొరికింది. మూడు చక్రాల కోర్సులో చేరి, కుర్రాళ్ళు నవ్వుతున్నా వినకుండా, టెస్ట్ పాసయింది.

పడకపోవడం వేరు, కుదుపు లేకపోవడం వేరు అని బండి వచ్చాకే తెలిసింది. రెండు చక్రాలైతే గుంత పక్కనుంచి తప్పించుకుపోవచ్చు. దీనికి మూడు దార్లు. ముందు చక్రం తప్పిస్తే వెనకదేదో అందులో దిగుతుంది. దిగినప్పుడల్లా ఆంటీ మొహం తెల్లబడిపోయేది. మొదటి వారం బండి దిగి, దాని పక్కనే గడ్డి మీద బోర్లా పడుకుని పళ్ళు బిగపట్టుకుంది. అమ్మేద్దామన్నాను. "ఇది కూడా నన్ను కొట్టి పంపించేస్తే ఇంకెక్కడికి పోను?" అంది. అప్పుడర్థమయింది, ఆ సీటు మీద నొప్పి లేకుండా కూర్చోగలగడం ఆవిడకి ఎంత పెద్ద విషయమో.

బండ్లు బాగుచేసే ఒక ముసలి అమెరికన్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఎక్కడెక్కడ నొప్పో చెప్పమన్నాడు. హ్యాండిల్ అందుకుంటే ఎడమ భుజం జారుతుందంది. గ్రిప్ సన్నగా ఉంటే మణికట్టు పట్టదంది. వీపుకి ఆనుకునేది కావాలి, కుడి తుంటి ఎత్తు కాకూడదు, మెడ అదరకూడదు. ఆయన ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చి, ఇదంతా ఒక్క యాక్సిడెంట్‌లోనే అయిందా అని అడిగాడు.

"నాట్ వన్ యాక్సిడెంట్," అంది ఆంటీ. "వన్ హస్బెండ్."

ఆయన పానా అందుకున్నాడు. హ్యాండిల్ ఆవిడ వైపుకి దగ్గరగా లాగి బిగించాడు. లావు గ్రిప్పులు వేశాడు, వెనక గాలితో పనిచేసే షాక్ అబ్జార్బర్లు పెట్టాడు, టైర్లలో గాలి కొంచెం తగ్గించాడు. చాలావరకు తగ్గింది. సీటు ఒక్కటే కుదర్లేదు. జెల్ మెత్తలు ఎండకి కాలాయి, గొర్రె ఉన్నిది చెమట పట్టింది.

చివరికి ఆవిడే కుట్టుకుంది. కొట్టిన మర్నాడల్లా ఆయనొక చీర కొనేవాడు. పోచంపల్లి, ధర్మవరం, ఉప్పాడ, సూట్‌కేసుల నిండా ఉన్నాయి. అన్నీ ముందేసుకుని, జరీ అంచులు కత్తిరించి పారేసి, మడతలు పెట్టి, పట్టు లోపల, నూలు పైన వేసి బొంత కుట్టింది. పట్టు పైనుంటే మలుపులో జారిపోతావట. కుట్టడం అయ్యాక సీటు మీద పరిచి, ఎక్కి కూర్చుని, ఒకసారి అటూ ఇటూ సర్దుకుంది. "ఇన్నాళ్ళకి పనికొచ్చాయి," అంది.

అంతకుముందు, బండి ఇంకా చేతికి అలవాటవుతున్న రోజుల్లో ఒక ఆదివారం పొద్దున, ఇండియన్ షాపు ఇంకా తెరవకముందు, ఆ పార్కింగ్ లాట్‌లో తిప్పుతోంది. మోపెడ్ మీద పెరిగిన వాళ్ళకి ఒక అలవాటుంటుంది. బండి ఆగబోతుంటే కాలు దానంతటదే కిందికి దిగుతుంది. ఆవిడ కాలూ దిగింది. బండి ఇంకా కదులుతోంది. వెనక చక్రం చెప్పుని, చెప్పులోని పాదాన్ని లోపలికి లాక్కుని ఎక్కి దిగింది. నేను పరిగెత్తుకెళ్ళేసరికి పాదం పక్కకి వాలిపోయి ఉంది, చిటికెన వేలి దగ్గర ఎముక తోలు చీల్చుకుని తెల్లగా కనిపిస్తోంది. ఆవిడ అరవలేదు. నా భుజం మీద చెయ్యేసి, ఊపిరందక, నవ్వుతోంది.

"ఈ ఒక్కటి నాకు నేనుగా చేసుకున్నానమ్మాయ్."

ఎమర్జెన్సీలో నర్సు అందరినీ అడిగే ప్రశ్నే అడిగింది, ఇంట్లో భయం లేకుండా ఉంటున్నారా అని. ఆ ప్రశ్న ఆంటీ చాలాసార్లు విన్నదే. ఎప్పుడూ పక్కన నిలబడి ఆయనే జవాబు చెప్పేవాడు. ఈసారి పక్కన నేనున్నాను, నోరు మూసుకుని.

"ఎస్," అంది ఆంటీ. పాదం కేసి చూసుకుని, "నౌ, ఎస్," అంది.

ఆ తర్వాత బండెక్కిన ప్రతివాళ్ళకీ ఒకటే మాట: "కాలు లోపల." నాకు నేర్పినప్పుడు నా మోకాలి మీద చరిచి మరీ అనేది. విజయవాడలో కాలేజీకి స్కూటర్ మీద తిరిగినదాన్ని, నాకూ అదే పాడలవాటు. వెనక కూర్చుని గుంతల గురించి చెప్పేది. "ఏదో ఒక చక్రం దిగుతుంది, తప్పదు. ఏది దిగాలో మాత్రం నువ్వే చూసుకో." తను ఎప్పుడూ ఎడమ చక్రాన్నే దించేది. కుడివైపు తుంటి ఇంక ఓర్చుకోలేదని.

ఒకరోజు కూరగాయలు కొనుక్కుని ఇద్దరం బయటికొస్తే, అదే షాపు ముందు ఆయన. శనివారం సాయంత్రం, తెలుగువాళ్ళంతా అక్కడే ఉన్నారు. ఆంటీ అప్పటికే బండెక్కి స్టార్ట్ చేసింది. నేను సంచి వెనక పెట్టెలో పెడుతున్నాను.

"దిగు," అన్నాడు. "ఈ వయసులో సర్కస్ ఏంటి? నలుగురూ నవ్వుతున్నారు. కారు అక్కడుంది, పద."

"నేను రాను."

ఆవిడ మణికట్టు పట్టుకుని మెలిపెట్టాడు, విరిగి అతికిన ఆ మణికట్టే. ఆంటీ నోటి నుంచి ఒక చిన్న మూలుగు వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు ట్రాలీల్లోకి చూసుకున్నారు. నేను సంచి వదిలేసి ఇటు రాబోతున్నాను.

ఆ బండికి ఫుట్‌బోర్డు వెనకాల, వెనక చక్రానికి ముందు కాస్త ఖాళీ ఉంటుంది. సరిగ్గా ఆ ఖాళీలో పెట్టాడు ఆయన కాలు, గట్టిగా లాగడానికి.

ఆంటీ కిందికి చూసింది. "కాలు తియ్యండి," అంది, చాలా మర్యాదగా.

"నాకు చెప్తున్నావా నువ్వు?"

"చక్రం ఉంది. కాలు తియ్యండి."

చెంప మీద కొట్టాడు. హెల్మెట్ ఉండబట్టి చప్పుడే గట్టిగా వచ్చింది. ఆంటీ క్లచ్ వదిలింది. వెనక చక్రం ఆయన బూటు మీదకి ఎక్కి, ఒక్క క్షణం అక్కడ ఆలోచించుకున్నట్టు ఆగి, దిగింది. అడకత్తెరలో వక్క తెగినట్టు వినిపించింది. ఆయన పడిపోయి, అందరూ వింటుండగా, నేను గోడ అవతల్నుంచి విన్న అరుపే అరిచాడు.

ఆంటీ కొంచెం ముందుకెళ్ళి ఆగి, అద్దంలో చూసింది. ఆ బండికి రివర్స్ కూడా ఉంది. బొటనవేలు ఆ స్విచ్ మీదకి వెళ్ళడం నేను చూశాను.

"వద్దు ఆంటీ," అన్నాను.

వేలు తీసేసింది. ఇంజన్ ఆపి, పోలీసులు వచ్చేదాకా అక్కడే కూర్చుంది.

బండి ఎక్కించిందా అని ఆఫీసర్ ఆయన్ని అడిగాడు. ఆయన చుట్టూ చూశాడు. మైకు పట్టుకుని మాట్లాడే మనిషి, భార్య తొక్కించిందని ఆ నలుగురిలో ఎలా చెప్తాడు? పేవ్‌మెంట్ అంచు మీద కాలు జారిందన్నాడు. ట్రాలీల్లోకి చూసుకున్నవాళ్ళు, అడిగితే, మేం చూడలేదన్నారు. వాళ్ళకి అది అలవాటైన పనే, ఈసారి అది ఆంటీకి కలిసొచ్చింది. నన్నడిగితే అంతా చెబుదామనే ఉన్నాను, అడగలేదు. ఆయన మళ్ళీ ఆవిడ జోలికి రాలేదు. ఆ తర్వాత బతికిన ఏళ్ళన్నీ ఆవిడ ఆ బండి మీదే పనికెళ్ళింది, కొండలకెళ్ళింది, ఒకసారి సముద్రం దాకా వెళ్ళి తడిసొచ్చింది.

ఫ్యూనరల్ హోమ్‌కి ఆయన వచ్చాడు, చేతికర్ర పట్టుకుని. మైకు దగ్గరికి కుంటుకుంటూ వెళ్ళి, ఆవిణ్ణి కాలు కింద పెట్టనివ్వకుండా చూసుకున్నానని చెప్పి, కళ్ళు తుడుచుకున్నాడు. చుట్టూ తలలూపారు. ఆంటీ కాళ్ళ దగ్గర నిలబడ్డాను నేను. బొటనవేళ్ళు కలిపి కట్టిన ఆ పాదాల్లో కుడిదాని చిటికెన వేలు పక్కకి వంగి ఉంది. దానికి దణ్ణం పెట్టుకున్నాను. కుర్చీ ఎత్తి ఆయన మీదకి విసరాలనిపించింది. చేతులు కట్టుకుని నిలబడ్డాను.

అప్పుడే ఊరికి కొత్తగా వచ్చిన ఒకమ్మాయి ఆయన్ని పాపం అన్నట్టు అడిగింది. "కాలికేమైంది అంకుల్?"

"మెట్ల మీద జారానమ్మా," అన్నాడు ఆయన.

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. అంతమందిలో, శవం ముందు, కళ్ళంట నీళ్ళు కారేలా నవ్వాను. అందరూ తిరిగి చూశారు. ఆయన కూడా చూశాడు, ఎందుకు నవ్వుతున్నానో ఆయనొక్కడికే తెలిసి తల దించుకున్నాడు.

బండి నాకిమ్మని ఆవిడ ఎప్పుడో చెప్పిందట. మర్నాడు వెళ్ళి తెచ్చుకున్నాను. బొంత మీద ఇంకా కాస్త గుంత పడి ఉంది, ఆవిడ కూర్చున్నంత మేర. దారిలో రోడ్డు పాడైనచోట ఎడమ చక్రాన్నే దించాను, నా తుంటికి ఏ జబ్బూ లేకపోయినా. పెద్ద సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడింది. బండి ఆగబోతుంటే నా కాలు, దాని పాత బుద్ధి మానకుండా, కిందికి దిగబోయింది.

మోకాలి మీద ఎవరో చరిచినట్టయింది. కాలు లోపలికి లాక్కున్నాను. లైటు ఆకుపచ్చ అయినా చూసుకోలేదు. వెనక కారువాడు హారన్ కొట్టేదాకా, రెండు కాళ్ళూ బోర్డు మీద పెట్టుకుని, ఆవిడ చీరల మీద కూర్చునే ఉన్నాను.