కుడి చెంప మీద నురగ

ఆ వీధిలో అతన్ని అందరూ నిదానం అంటారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది గాని, అది ఓటరు కార్డు మీద తప్ప ఎక్కడా బతికి లేదు. ఒక్క గడ్డం గీయడానికి అరగంట పట్టే మనిషికి ఇంకేం పేరు వస్తుంది లెండి. ఎవరైనా తొందరపెడితే, "తెగేది మీ మొహం, నాకేం పోయింది, చెప్పండి, గబగబా గీసేస్తాను" అంటాడు. దాంతో వాళ్ళు నోరు మూసుకుని తల వెనక్కి వాల్చేవాళ్ళు. ముప్పై ఏళ్ళలో ఒక్కరికీ గాటు పడలేదని అతని గొప్ప, అది నిజం కూడా.

షాపు ఎంతని, నాలుగడుగులు వేస్తే అయిపోతుంది. రెండు కుర్చీలున్నాయి గాని ఒకదానికి కాలు విరిగి పదేళ్ళయింది, దాని మీద తువ్వాళ్ళు ఆరేస్తాడు. ఎదుటి గోడ నిండా అద్దం. పక్క గోడకు, వంతు కోసం వచ్చేవాళ్ళకు ఒక బల్ల. తలుపుకు పైన టీవీ. అంటే గీసేవాడికీ గీయించుకునేవాడికీ అది వీపు వెనక ఉంటుందన్నమాట. టీవీ బిగించిన వాడి తెలివి అది. నిదానం మాత్రం ఏమీ అనుకోలేదు, అద్దంలోనే చూసుకునేవాడు. తిరగబడ్డ అక్షరాలు చదవడం కూడా అలవాటైపోయింది. "మా నిదానానికి వార్తలు కూడా వెనక నుంచే వస్తాయి" అని టైర్ల షాపాయన ఆటపట్టించేవాడు. తలుపులో ఎవరు నిలబడ్డా అతను వెనక్కి తిరగడు. అద్దంలోకి చూసి "రండి, కూర్చోండి" అంటాడు. రోజుకు పది గంటలు అద్దంలోకి చూసే మనిషికి అది అద్దమన్న సంగతే మరుపున పడిపోతుంది. అతని కథంతా ఆ మరుపులోనే ఉంది.

ఆ వారం టీవీలో ఒకటే వార్త. ఎక్కడో ఇంకో దేశంలో, హత్య చేశాడని ఒకణ్ణి ఇరవై ఆరేళ్ళు జైల్లో పెట్టారట. ఇప్పుడు అసలు హంతకుడు దొరికాడు. పెద్ద కోర్టు పాత తీర్పు కొట్టేసింది. నెరిసిన జుట్టుతో ఆ మనిషి జైలు గేటు దాటి వస్తుంటే జనం వీధుల్లో నిలబడి ఏడ్చారు. ఏడ్చి ఊరుకున్నారా అంటే, లేదు. అప్పట్లో ఇతన్నే చూశానని చెప్పిన సాక్షి ఒక ముసలావిడ, రైల్వే స్టేషన్లో ఊడ్చే ఆవిడ. ఆమె ఇంటి మీద పడి కిటికీలు పగలగొట్టారు. ఆవిడ మొహానికి కొంగులాంటిదేదో కప్పుకుని పోలీసు బండి ఎక్కుతున్న బొమ్మను గంటకోసారి చూపించారు.

ఇక మనవాళ్ళ సంగతి చెప్పాలా? ఆ దేశం ఎటువైపుందో తెలియని వాళ్ళు కూడా తీర్పులు చెప్పేశారు.

"ఆ ముసలిదాన్ని ఇరవై ఆరేళ్ళు లోపల వెయ్యాలి. అప్పుడు తెలుస్తుంది" అన్నాడు టైర్ల షాపాయన, బల్ల మీద కాళ్ళు బారజాపి.

"కావాలని చెప్పి ఉండదయ్యా. పొరబడి ఉంటుంది" అన్నారు లెక్కల మాస్టారు. ఆయన రిటైరై ఎనిమిదేళ్ళయింది గాని, తప్పు దిద్దే జబ్బు ఇంకా నయం కాలేదు.

"పొరపాటైతే మాత్రం? వాడి బతుకు వాడికి తిరిగి ఇస్తుందా? మన నిదానాన్ని చూడండి. కళ్ళారా చూశాడు, కోర్టులో నిలబడి చెప్పాడు, హంతకుణ్ణి లోపల వేయించాడు. సాక్షి అంటే అలా ఉండాలి."

నిదానం కత్తి పదును చూసుకుంటూ చిన్నగా నవ్వాడు. పదకొండేళ్ళుగా ఆ మెప్పు వింటూనే ఉన్నాడు. వినడానికి బాగానే ఉండేది.

ఎదుటి మందుల షాపు యజమానిని పట్టపగలు పొడిచి చంపిన కేసు అది. మధ్యాహ్నం రెండు గంటలు, వీధి కునుకు తీస్తున్న వేళ. నిదానం ఒకాయన మొహం మీద వేడి తువ్వాలు కప్పి నిలబడ్డాడు. తలుపు దగ్గర ఒకడు ఆగాడు. లోపలికి చూశాడు. చెంప మీద కంటి కింద నుంచి దవడ దాకా కోసుకుపోయిన మచ్చ. రెండు క్షణాలు, అంతే, మందుల షాపు వైపు వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కేకలు. పోలీసులు అడిగితే ఎడమ చెంప మీద మచ్చ అని చెప్పాడు నిదానం. వాళ్ళు వెతికి వెతికి ఫ్యాన్లు బాగుచేసే కుర్రవాణ్ణి పట్టుకొచ్చారు. అతను ఆ వారమే మందుల షాపులో ఫ్యాను బిగించాడు, వేలిముద్రలున్నాయి. ఎప్పుడో ఫ్యాను రెక్క తగిలి ఎడమ చెంప చీరుకుపోయిన మచ్చ ఉంది. మరికొందరితో కలిపి వరసలో నిలబెడితే నిదానం తడుముకోకుండా వేలు చూపించాడు. కోర్టులో వకీలు, "మొహం ఎదురుగా చూశావా?" అని అడిగితే, "ఎదురుగానే చూశాను బాబూ" అన్నాడు. యావజ్జీవం పడింది. బోనులోంచి ఆ కుర్రవాడు అన్నది ఒక్కటే మాట. "అన్నా, సరిగ్గా చూడు."

సరిగ్గానే చూశానని నిదానం నమ్మకం. అందుకే పదకొండేళ్ళూ కంటినిండా నిద్రపోయాడు.

ఇంతలో టీవీలో విడుదలైన మనిషి ఫొటో నిండుగా వేశారు.

"అదిగో, ఎడమ కనుబొమ్మ మీద పుట్టుమచ్చ. దాన్ని చూసే ముసలావిడ పొరబడింది" అన్నారు మాస్టారు.

నిదానం అద్దంలోకి చూశాడు. "ఎడమ కాదు మాస్టారూ, కుడి."

"ఎడమేనయ్యా."

"నా కళ్ళకు కనబడుతుంటే మీరేంటండీ. కుడి కనుబొమ్మే."

టైర్ల షాపాయన పడీపడీ నవ్వాడు. "ఓరి నీ నిదానం చల్లగుండ! నువ్వు అద్దంలో చూసి చెప్తే ఎట్లా? వెనక్కి తిరిగి చూడు."

నిదానం తిరిగి చూశాడు. పుట్టుమచ్చ ఎడమ కనుబొమ్మ మీదే ఉంది. మళ్ళీ అద్దంలోకి చూశాడు. కుడి కనుబొమ్మ మీదికి వచ్చింది. చేతిలో కత్తి ఉన్న సంగతి మరిచిపోయాడు. కుర్చీలో ఉన్నాయన "అబ్బా" అన్నాడు. నురగలో సన్నటి ఎర్ర గీత తేలింది. ముప్పై ఏళ్ళలో మొదటి గాటు. అందరూ దాని గురించి నవ్వుకున్నారు. ఆ మధ్యాహ్నం వేడి తువ్వాలు పట్టుకుని తను ఎటు తిరిగి నిలబడ్డాడో నిదానానికి అప్పుడు గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున్నే, షాపు తీయకముందు, భార్యను వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ బడిలో పిల్లలకు అన్నం వండే మనిషి, పనికి పోయే హడావిడిలో ఉంది. ఆవిడ కుడి చెంప మీద వేలితో నురగ గీత ఒకటి గీసి, తలుపులో నిలబడమన్నాడు.

"మతి గాని పోయిందా మీకు? పొద్దున్నే ఈ వేషాలేంటి?" అందావిడ.

"ఒక్క నిమిషం నిలబడవే, నీకు దండం పెడతా."

తను కుర్చీ వెనక్కి వెళ్ళి అద్దంలోకి చూశాడు. గీత ఉండాల్సిన చోటే ఉంది. పదకొండేళ్ళుగా మనసులో ఉన్న బొమ్మ అదే, ఆ పక్కే. వరసలో ఎదురుగా నిలబడ్డ కుర్రవాడి ఎడమ చెంప మచ్చ కూడా తన కంటికి ఆ పక్కే కనిపించింది. వేలు చూపించాడు. అద్దంలో చూసిన వాడి మచ్చ కుడి చెంపది. మనిషే వేరు.

విరిగిన కుర్చీ మీద కూలబడబోయి, తువ్వాళ్ళతో సహా కింద పడ్డాడు. విషయమంతా విన్నాక భార్య, చెంప మీద నురగను కొంగుతో గబగబా తుడిచేసుకుంది, ఎవరైనా చూస్తారేమోనని.

"నోరెత్తకండి. ఆ ముసలావిడ ఇల్లు ఏం చేశారో చూశారుగా. దొంగసాక్షి అని మిమ్మల్ని లోపలేస్తారు. మనిద్దరం ఏమైపోవాలి?"

"ఆ కుర్రాడు..."

"అయిందేదో అయిపోయింది. ఆ చంపినవాడు ఇంకా ఊళ్ళోనే ఉంటే? మీరు నోరు విప్పారని తెలిస్తే ఊరుకుంటాడా?"

అప్పటిదాకా ఆ మాట అతనికి తట్టనే లేదు. ఆ రోజు నుంచి తలుపులో నీడ పడితే చాలు, కత్తి ఆపేసేవాడు. వచ్చిన ప్రతివాడి కుడి చెంప ముందు చూసేవాడు. గడ్డం దట్టంగా పెంచుకున్న కొత్త మనిషి కూర్చుంటే, గీయాలంటే చేతులాడేవి కావు. కింద ఏముందో అని భయం. బల్ల మీదివాళ్ళు ముసలావిడను తిట్టే ప్రతి తిట్టూ తనకే తగిలేది. "ఉరి తీసినా పాపం లేదు" అని ఎవరో అంటే, "అవునవును" అన్నాడు. అని, తన గొంతు తనే విని హడలిపోయాడు. అన్నం సహించలేదు. నాలుగు రోజుల్లో మరో ఇద్దరికి గాట్లు పడ్డాయి.

అన్నిటికన్నా పెద్ద భయం పొద్దున తొమ్మిదింటికి వచ్చేది. ఆ కుర్రవాడి అక్క వీధి చివర జిరాక్స్ షాపు నడుపుతుంది. రోజూ తొమ్మిదింటికి ఈ షాపు ముందు నుంచే వెళుతుంది. తీర్పు వచ్చిన కొత్తలో ఒకసారి గడప బయట ఆగి, "మా తమ్ముణ్ణి నిజంగా చూశావా అన్నా?" అని అడిగింది. "చూశానమ్మా" అన్నాడు. ఆమె తిట్టలేదు, శపించలేదు. తల ఊపి వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడూ అతనివైపు చూడలేదు. నాలుగు తిట్లు తిట్టిపోయినా బాగుండేదని అతనికి ఇప్పుడనిపించింది.

ఐదో రోజు టీవీలో, ఆ విడుదలైన మనిషిని విలేకరి అడిగాడు, జైల్లో దేనికి భయపడ్డారని. అతని జవాబు కింద తెలుగులో వేశారు. నిదానం తిరగబడ్డ అక్షరాలను మెల్లగా కూడబలుక్కున్నాడు. "ఆవిడ నిజం తెలుసుకోకుండానే చనిపోతుందేమోనని."

కత్తి కింద పెట్టాడు. కుర్చీలో ఉన్నాయనకు సగం గడ్డమే అయింది. "రేపు రండి, డబ్బులొద్దు" అని లేపేశాడు. టైర్ల షాపాయనా మాస్టారూ నోళ్ళు తెరుచుకుని చూస్తుండగా, మెడలో తువ్వాలుతోనే వీధి చివరికి నడిచాడు. ఆ రెండు వందల అడుగుల్లో రెండుసార్లు ఆగాడు. ఒకసారి వెనక్కి కూడా తిరిగాడు.

ఆమె యంత్రంలో కాగితాలు పెడుతోంది. అతన్ని చూసి చేతిలోవి కింద పెట్టింది.

"అమ్మా, మీ తమ్ముడి ఫొటో ఉంటే తీసుకుని ఒక్కసారి షాపుకు రా."

"ఎందుకు?"

"నేను చెప్తే కాదమ్మా. నువ్వు చూడాలి."

ఆమె పర్సులోంచి ఫొటో తీసుకుని బయల్దేరింది. పరాయి ఆడవాళ్ళు ఆ షాపులో అడుగు పెట్టిన పాపాన పోలేదు. ఆమె గడప దాటగానే బల్ల మీద ఇద్దరూ లేచి నిలబడ్డారు. నిదానం ఆమెను కుర్చీలో అద్దంకేసి కూర్చోబెట్టాడు. గిన్నెలో నురగ కలిపాడు. సగం నేల మీద పడింది. తన కుడి చెంప మీద కంటి కింద నుంచి దవడ దాకా గీత గీసుకుని, వెళ్ళి తలుపులో నిలబడ్డాడు.

"ఆ రోజు వాడు ఇక్కడ నిలబడ్డాడు. నేను నువ్వు కూర్చున్న కుర్చీ వెనక నిలబడి ఆ అద్దంలో చూశాను. ఫొటో పక్కన పెట్టి చూడమ్మా."

ఆమె ఫొటోను అద్దానికి ఆనించింది. ఫొటోలో మచ్చ, అద్దంలో నురగ, రెండూ ఒకే పక్క ఉన్నాయి.

"అవును, మా వాడికీ ఇటే" అంది, అర్థంకాక.

"ఇప్పుడు ఇటు తిరిగి నన్ను చూడు."

ఫొటో చేత్తో పట్టుకుని ఆమె తిరిగింది. అతన్ని చూసింది. ఫొటో చూసింది. మళ్ళీ అతన్ని చూసింది. మాస్టారు "అయ్యో" అని బల్ల మీద కూలబడ్డారు. టీవీలో ఎవరో మాట్లాడుతూనే ఉన్నారు.

"పదకొండేళ్ళు" అంది ఆమె. "రోజూ ఈ గడప ముందు నుంచే పోయాను."

"నన్ను ఏమైనా అనమ్మా. కొట్టు. పోలీసుల దగ్గరికి పదమంటే వస్తాను. నాకు చాలా భయంగా ఉంది, అయినా వస్తాను."

అతను తువ్వాలు అందుకుని చెంప దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆమె ఒక్క అంగలో వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"తుడుచుకోకు."

తువ్వాలు లాగి కుర్చీ మీద పడేసింది. ఫోను తీసి తమ్ముడి వకీలు నంబరు వెతికింది.

"వకీలు వచ్చి నేను కూర్చున్న చోటే కూర్చుని చూడాలి. అప్పటిదాకా అక్కడే నిలబడన్నా."

వీధిలో ఒక్కొక్కరే ఆగడం మొదలుపెట్టారు. ఏమైందని ఒకరినొకరు అడుగుతున్నారు. పదిమంది ఇరవైమంది అయ్యారు. నిదానం వాళ్ళకు వీపు పెట్టి, తలుపు చెక్క పట్టుకుని, అద్దంలో తన మొహం చూసుకుంటూ అలాగే నిలబడ్డాడు. చెంప మీద నురగ ఎండి బిగుసుకుంటోంది.