లేదనుకో మాస్టారు

చరిత్రకారులు ఏ దేశచరిత్రనైనా యుగాలుగా కోస్తారు. కొందరు రాజుల పేర్లతో కోస్తారు, కొందరు యుద్ధాలతో కోస్తారు. అరకు లోయలోని మా కొర్రగుడకు రాజులు లేరు. యుద్ధాలు ఎప్పుడైనా బయలుదేరినా పక్క ఊరి దాకా వచ్చి, దారి బాగులేదని వెనక్కి పోయేవి. అందుచేత ఆ ఊరి చరిత్రను రెండే యుగాలుగా విభజించాలి: వరహాలరావు మాస్టారు “లేదనుకో” అనడానికి పూర్వయుగం, అన్న తరువాతి యుగం. ఈ రెండవ యుగం ఒక ఉదయం మంగ్లు అనే కుర్రవాడు సుద్దముక్క అడగడంతో ఆరంభమైంది.

“సుద్దముక్క కావాల మాస్టారూ.”

“లేదనుకో.”

“ఆఁ?”

“సుద్దముక్క లేదనుకో. అప్పుడేం చేస్తావు?”

మంగ్లు మాస్టారి ముఖం చూశాడు, చూరు చూశాడు, చివరికి పాక పక్కన పారే గెడ్డ వైపు చూశాడు. చూసినవాడు చూసినట్టే పరుగెత్తి, గట్టు మీంచి తెల్లమన్ను ముద్ద పట్టుకొచ్చి గోడ మీద ‘అ’ రాశాడు. మాస్టారు ఆ ‘అ’ ముందు చేతులు కట్టుకుని, కొత్తగా దొరికిన శిలాశాసనాన్ని చూసినట్టు చాలాసేపు చూశారు.

అప్పటికి కొండల్లో పితూరీ గొడవలు సద్దుమణిగి ఎంతో కాలం కాలేదు. రైలన్నది విశాఖపట్నం వెళ్లినవాళ్లు తిరిగొచ్చి చెప్పే కథ. నేను అటవీశాఖలో గుమాస్తాగా ఆ ఊళ్లో ఉండేవాణ్ణి. నా వసారాకీ బడి పాకకీ మధ్య ఒక దడి మాత్రమే అడ్డం. అందువల్ల నా ప్రమేయం ఏమీ లేకుండానే నేను మళ్లీ ఒకటో తరగతి నుంచి చదువుకున్నాను.

వరహాలరావుగారిది విజయనగరం దగ్గర. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో వెతుకుతున్నట్టుండే మనిషి. బడిలో ఆయన వెనక ఒక పెద్ద టేకు పెట్టె గోడకు ఆనుకుని ఉండేది. బడి సామానంతా అందులోనే ఉందని ఊరందరికీ తెలుసు. పలకలు, దేశపటం, ఇత్తడి గంట, అన్నీ. పిల్లలు ఏది అడిగినా ఆయన ఆ పెట్టె మీద అరచెయ్యి ఆనించి, “లేదనుకో” అనేవారు. ఇంత పిసినారి మాస్టారు మద్రాసు రాజధాని మొత్తం మీద ఇంకొకడు ఉండడని నా అభిప్రాయం.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఆయన తన సొంతానికీ మినహాయింపు ఇచ్చుకోలేదు. గొడుగు లేదనుకుని తడిసి వచ్చేవారు. ఒకరోజు కళ్లజోడు లేదనుకుని బయలుదేరి, దారిలో ఊరిపెద్ద గాసికి వంగి నమస్కారం చేశారు. గాసి అప్పుడు సంతలో ఉన్నాడు. నమస్కారం అందుకున్నది గాసి దున్నపోతు.

ఇంట్లో కూడా ఇదే వరస. ఒకనాడు ఆయన భార్య నీలవేణమ్మగారు చింతపండు అయిపోయిందన్నారు.

“లేదనుకుని వండు, చూద్దాం” అన్నారీయన.

మధ్యాహ్నం ఆవిడ ఖాళీ అడ్డాకు విస్తరి వేసి, పక్కన మంచినీళ్లు పెట్టి, “అన్నం ఉందనుకోండి” అన్నారు. ఆ పూట మాస్టారు నా ఇంట్లో భోంచేశారు. భోంచేస్తూ, “చూశారా, ఆవిడకి ఎంత బాగా పట్టుబడిందో!” అని మురిసిపోయారు.

ఇక గంట సంగతి. గంట లేదనుకుంటే పిల్లల్ని బడికి ఎలా పిలవాలన్నది ప్రశ్న. గాసి కూతురు గంగ ఆలోచించి, గెడ్డలో ఒక వెదురు గొట్టం కట్టింది. గొట్టంలో నీళ్లు నిండగానే అది వంగి, ఖాళీ అయి, వెనక్కి పడి రాతి మీద ‘ఠంగ్’మని కొట్టేది. అద్భుతంగా మోగింది. ఒకటే ఇబ్బంది. గెడ్డకి సెలవుల్లేవు. మా బడి తెల్లవారుజామునా, భోజనాల వేళా, ఊరంతా నిద్రపోయాకా కూడా మొదలవుతూనే ఉండేది.

గాసి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. “మాస్టారో, నాకు నిద్దర నేదు. మా గొడ్లకి నిద్దర నేదు.”

“నిద్ర లేదనుకో...” అని మాస్టారు అలవాటుగా మొదలుపెట్టారు.

“అనుకోడమేటి బాబూ, నేదంతన్నాను గదా!”

గంగ తండ్రి ముఖం చూసి, వెళ్లి గొట్టానికి అడ్డంగా ఒక చీల దిగేసింది. పొద్దున్న చీల తీస్తే బడి, సాయంత్రం పెడితే సెలవు. గాసి ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు. తెల్లారి లేచి, ఆ తెలివి తనదేనని సంతలో చెప్పుకున్నాడు.

ఆ సంతలోనే ఇంకో ముచ్చట జరిగింది. మైదానం నుంచి వచ్చిన షావుకారొకాయన తన తక్కెడ విరిగిపోయిందనీ, చింతపండు కంటితో అంచనా కట్టి తీసుకుంటాననీ అన్నాడు. ఆయన కన్ను మహా సూక్ష్మమైనది. ఎంత పెద్ద బుట్టైనా దానికి చిన్నగానే కనిపించేది. మంగ్లు వాళ్ల అమ్మ సరేననబోతోంది.

“ఉండవే అమ్మా, తక్కెడ నేదనుకుందారి” అన్నాడు మంగ్లు. ఒక కర్రకి నడుమ తాడు కట్టి, రెండు చివరలా ఆకుడొప్పలు వేలాడదీసి, ఒకదాంట్లో షావుకారి తూనికరాయే, రెండోదాంట్లో చింతపండు వేశాడు. కర్ర సమంగా నిలబడింది. షావుకారి ముఖం మాత్రం ఒక పక్కకి వాలింది.

“ఎవడ్రా నీకిది నేర్పినోడు?”

“ఎవుల్నేర్పనేదు. నేదనుకున్నాను, అంతే.”

ఇలా సాగుతున్న రెండవ యుగానికి స్కూళ్ల ఇన్‌స్పెక్టరు కూర్మనాథం పంతులుగారి రూపంలో ప్రళయం వచ్చింది. మంచి ముసురులో, గుర్రం మీద, మోకాళ్ల దాకా బురదతో దిగారు. నీళ్లోడుతున్న జోళ్లు గుమ్మం దగ్గర విప్పి, లోపలికొచ్చి, తలపాగా సర్దుకుని కూచున్నారు. సామాను లేని ఏజెన్సీ బళ్లను మూసెయ్యమని పైనుంచి ఉత్తరువు వచ్చిందట. పెట్టెడు సామానుండగా మా బడికేం భయమని నేను దడి పక్కనుంచి ధీమాగా చూస్తున్నాను.

“దేశపటం ఏదీ?”

మాస్టారు పెట్టె మీద చెయ్యి ఆనించారు. “లేదనుకోండి.”

“గంట?”

“లేదనుకోండి.”

“పలకలు?”

“అవీ... లేవనుకోండి.”

“నేను అనుకోవడానికి రాలేదయ్యా, చూడటానికొచ్చాను. పెట్టె తెరువు.”

మాస్టారి చెయ్యి పెట్టె మీంచి కదల్లేదు. ఆ ముఖం అంత తెల్లబడడం నేనెన్నడూ చూడలేదు. పంతులుగారు ఆయన్ని పక్కకు తప్పించి, స్వయంగా మూత ఎత్తారు.

లోపలినుంచి ఒక కోడి లేచింది. అది వట్టి కోడి కాదు, పొదుగుడులో ఉన్న కోడి. కొక్కొక్కొమంటూ పంతులుగారి తలపాగా మీద ఒక్క క్షణం నిలబడి సభను పరికించి, గుమ్మంలోంచి ఎగిరిపోయింది. పెట్టెలో కాస్త గడ్డి, ఆ గడ్డిలో గుడ్లు ఉన్నాయి. పెట్టె వెనక చెక్క ఊడిపోయి, గోడ కన్నంలోంచి వెలుతురు పడుతోంది. ఇంకేమీ లేదు. ఎన్నడూ ఉన్నట్టు కూడా లేదు.

నేను దడి దాటి వచ్చాను. “ఇదేమిటండీ మాస్టారూ?”

“సామాను పంపమని వచ్చిన నాటినుంచీ అడుగుతున్నానండీ. రాలేదు” అన్నారాయన నెమ్మదిగా. “పిల్లవాడితో ‘నీకు లేదు’ అంటే తల దించుకుంటాడు. ‘లేదనుకో’ అంటే తల గోక్కుంటాడు. గోక్కుంటేనే నయమని...” ఆయన పిల్లల వైపు చూడలేకపోయారు.

అప్పుడు గంగ ముందుకొచ్చి పంతులుగారి చెవి దగ్గర రహస్యం చెప్పింది. కొండల్లో రహస్యాలు ఒక కొండ మీంచి ఇంకో కొండకి చెప్పుకుంటారు గనుక అది అందరికీ వినిపించింది.

“బాబూ, పెట్టిలో ఏటీ నేదని మాకు సానా దినాల నుండి ఎరికే. కోడి మాదే. మాస్టారికి సెప్పీకండి, బాదపడతారు.”

నీలవేణమ్మగారికి గంగ తరచు గుడ్లు తెచ్చి ఇచ్చేది. వాటిలో నా వాటా నేనూ తిన్నాను. అవి ఎక్కడివని మేమెవరం అడగలేదు.

పంతులుగారు గుడ్లు కదలకుండా పెట్టె మూత మెల్లగా దించారు. కాని ఉత్తరువు ఉత్తరువే. “నేనేం చెయ్యనయ్యా? సామాను లేదు. బడి ఉంచడానికి వీల్లేదు” అని లేచి, గుమ్మం దగ్గరికి నడిచారు. అక్కడ జోళ్లు లేవు.

“నా జోళ్లేవీ?”

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి మంగ్లు వినయంగా అన్నాడు: “నేవనుకోండి బాబూ.”

మాస్టారు గోడకు జారగిలబడ్డారు. సామాను లేకపోవడానికి తోడు, ఉన్న జోళ్లు కూడా పోయాయి. పంతులుగారు చేతికర్ర ఎత్తేలోగా, గంగ వెనకింటి పొయ్యి దగ్గరినుంచి రెండు జోళ్లూ గుండెకు హత్తుకుని పరుగెత్తుకొచ్చింది. వాటి నిండా వేడి చోళ్లు, అంటే రాగులు, పోసి ఉన్నాయి. ఆ గింజలు చేటలోకి ఒంపి, జోళ్లు తుడిచి, ఆయన కాళ్ల ముందు పెట్టింది.

పంతులుగారు అనుమానంగా ఒక కాలు దూర్చారు. ముసురులో గడ్డకట్టిన ఆ కాలు పొడిగా, వెచ్చగా ఉన్న తోలులోకి దిగింది. ఆయన కళ్లు వాటంతటవే మూతపడ్డాయి. రెండో కాలు కూడా దూర్చి, కాసేపు అలాగే నిలబడ్డారు.

“ఎవరు చెప్పారే నీకిలా చెయ్యమని?”

“ఎవులూ సెప్పనేదు బాబూ. ఎండ నేదనుకున్నాం.”

బయట నిజంగానే ఎండ లేదు. పంతులుగారు కర్ర కిందపెట్టి, మళ్లీ వచ్చి కూచున్నారు.

“ఇంకా ఏమేం లేవనుకున్నారు మీరు?”

ఆ మాటకే కాచుక్కూచున్నట్టు పిల్లలు ఆయన్ని పాక వెనక్కి లాక్కుపోయారు. అక్కడ చూరు కింద, నేల మీద మద్రాసు రాజధాని పడుకుని ఉంది. మట్టి కుప్పలు కొండలు. నీలపు రాళ్లు సముద్రం. మంగ్లు దోసిలితో నీళ్లు పోస్తే గోదావరి బయలుదేరి, మలుపులు తిరిగి, సరిగ్గా సముద్రంలోనే పడింది. కొర్రగుడ ఉండవలసిన చోట ఒక ఎర్రగింజ మెరుస్తోంది.

“మద్రాసెక్కడ?” అన్నారు పంతులుగారు.

“తమరు తొక్కేసినారు బాబూ.”

పంతులుగారు గబుక్కున కాలు తీసి, జోడుకి అంటిన మద్రాసుని చూసి, మొదటిసారి నవ్వారు. ఆ తరువాత చాలాసేపు చీల తీస్తూ, పెడుతూ గెడ్డ గంట తనే మోగించారు. వెళ్లేటప్పుడు గుర్రం ఎక్కి, “బడి ఉంటుంది. నేను రాస్తాను” అన్నారు. మాస్టారు నమస్కారం చెయ్యబోయి, కళ్లు తుడుచుకోవలసి వచ్చి, సగంలో ఆపేశారు.

“సామానూ పంపిస్తానయ్యా” అన్నారు పంతులుగారు. “ముందు ఏది కావాలి?”

మాస్టారు నోరు తెరిచేలోగా పిల్లలంతా ఒక్కసారే అరిచారు: “గంట!”

పంతులుగారు మాట నిలబెట్టుకున్నారు. గంట మరుసటి ఏడు, గడ్డి చుట్టిన పెట్టెలో, సీళ్లూ ముద్రలతో సహా మా ఊరికి చేరింది. గాసి కొబ్బరికాయ కొట్టాడు. ఊరంతా మూగింది. మాస్టారు గడ్డి తీసి, గంటను రెండు చేతులా పైకెత్తారు.

దానికి లోపల మోగించే నాలుక లేదు.