అతుకు నిలిచింది, పన్ను రాలింది

నవ్వుకోండర్రా, ముందే నవ్వీసుకోండి. మొన్న మా మేనకోడలి నిశ్చితార్థంలో, పెళ్ళికొడుకోళ్ళ ఎదురుగా, నా ముందరి పన్ను రాలిపోనాది!

నేను బస్సు కండక్టర్ని కదా. ఆమధ్య చీపురుపల్లి దాటాక డ్రైవరు సడన్ బ్రేకేసినాడు. మూతి రాడ్డుకి తగిలి పన్ను సగానికి ఇరిగిపోనాది. శ్రీకాకుళంలో డాక్టరమ్మ రూట్ కెనాల్ సేసి, పైన క్యాప్ ఏసి, గేరంటీ కూడా ఇచ్చింది. అద్దంలో సూసుకుంటే నేనే పెళ్ళికొడుకులాగున్నాను!

ఆవిడ మొహంలో మాత్రం నవ్వు లేదు. "పన్ను అతికించాను. కానీ దాన్ని పట్టుకునే చిగురు, లోపలి ఎముక బాగా దెబ్బతిన్నాయి. ఖైనీ మానేసి చిగుళ్ళకి ట్రీట్‌మెంట్ చేయించుకోండి. లేకపోతే నా పని నిలవదు" అన్నాది.

"నొప్పి లేదు కదా మేడం!" అనీసి వచ్చీసాను. ఖైనీ కూడా మానలేదు.

నిశ్చితార్థం రోజు బోజనాలయ్యాక తేగలు తెచ్చారు. మా అక్క మొగుడు, అదే పెళ్ళికూతురి నాన్న, మా బావ, అందరికీ ఇనపడేటట్టు మొదలెట్టినాడు. "ఒరే, నీది డూప్లికేట్ పన్ను. నువ్వు కొరకలేవు, సప్పరించు."

"ఏటి కొరకలేను? సూడు!"

కొరికి లాగాను. సప్పుడైనా రాలేదు. బురదలోంచి కర్ర ఊడినట్టు వచ్చీసినాది. తేగకి గుచ్చుకుని పన్ను, వేరుతో సహా! పొందూరు ఖద్దరు సొక్కా నిండా నెత్తురు.

పెళ్ళికొడుకు నాన్న నెమ్మదిగా అడిగినాడు. "మీ ఇంట్లో అందరి పళ్ళూ ఇంతేనా?"

మా బావ ఎంటనే, "అబ్బే, ఈడు మా రక్తం కాదండీ! మా ఆవిడ తమ్ముడు" అనీసినాడు. ఇన్నేళ్ళ సుట్టరికం ఒక్క ముక్కలో తెంపీసినాడు. మా ఆవిడైతే నా మూతి సూడలేదు, సొక్కా సూసి ఏడిసింది.

తెల్లారగానే పన్ను జేబులో ఏసుకుని డాక్టరమ్మ మీదకి ఎల్లాను. "ఇదేనా మేడం మీ పని?"

ఆవిడ పన్నుని లైటు కింద తిప్పి తిప్పి సూసింది. "అతుకు చూడండి, గీతైనా పడలేదు. ఊడింది నా పని కాదు, మీ చిగురు."

"మరి గేరంటీ అన్నారు?"

"క్యాప్‌కి అన్నాను. ఇంకా ఉంది."

అదర్రా సంగతి. నా పన్నుకి గేరంటీ ఉన్నాది, దాన్ని పట్టుకునే చిగురే లేదు!